గ్రేట్ డేన్ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుటకు ముందు

గ్రేట్ డేన్ కుక్కను పెంచుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో పలువురకు కలదని మేమెరుగుదుము. ఎనిమిది వారముల పిల్లను చూచినవారికి ఆ కోరిక కలుగుట వింత కాదు. దాని పాదములు దేహమునకు మించి పెద్దవి; చెవులు వ్రేలాడుచుండును; నడచునప్పుడు తన కాళ్లు తనకే అడ్డుపడుచుండును. చేతులతో ఎత్తి ఒడిలో పెట్టుకొనవచ్చును. ఆ ఒడిలోని పిల్ల ఏడాదిన్నర తిరుగునప్పటికి ఇంటి యజమానియంత బరువు తూగునని చెప్పినచో వినువారు నవ్వుదురు. కాని తూకపు రాయి నవ్వులాట నెరుగదు. మేమీ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే: ఇట్టి పిల్లను త్వరగా పెంచుట సులభము, మెల్లగా పెంచుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడుట పిల్ల ఇల్లు చేరిన పిమ్మట కాక, చేరకమునుపే జరుగవలెను.

పేరునుబట్టి ఇది డెన్మార్కు దేశపు కుక్కయని పలువురు తలంతురు. అట్లు కాదు. 18వ శతాబ్దమున బుఫాన్ అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు "గొప్ప డేనిష్ కుక్క" యని యర్థమిచ్చు పేరు వాడుటచే ఆంగ్లమున ఆ పేరే స్థిరపడినది. జాతిని తీర్చిదిద్దినవారు మాత్రము జర్మనులు. అడవిపందిని పట్టి నిలుపుటకు బలమును, దానిని వెంబడించుటకు వడియు కావలెను గనుక, బలిష్ఠములగు మాస్టిఫ్ కుక్కల లక్షణములను, పొడవు కాళ్ల వేటకుక్కల లక్షణములను వారు ఒక్కచోట కూర్చిరి. 1880లో బెర్లినులో జరిగిన కుక్కల ప్రదర్శన సందర్భమున ఈ జాతి లక్షణములు మొదటిసారి వ్రాతమూలముగ నిర్ణయింపబడెను. పంది కోరలు చెవులను చీల్చకుండుటకై ఆ కాలపు వేటగాండ్రు పిల్లల చెవులను కత్తిరించెడివారు. నేడు పందివేటయు లేదు, కోరలును లేవు. కేవలము చూపునకు ఇంపుగా నుండునని చెవులు కోయుట క్రూరకార్యమే. ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బు వారు 1890ల లోనే ఈ యాచారమును మాన్పిరి. చెవులు కోసిన పిల్లను చూపువాని కడనుండి ఏ పిల్లనూ కొనకుండుట మంచిది.

వేటకై పుట్టిన జాతియైనను, దీని స్వభావము నేడు సాధువు. దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్ రేవులో నావికులతో కలసిమెలసి తిరిగిన గ్రేట్ డేన్ ఒకటి మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. ఓడ యెక్కు చెక్కబల్లపై అడ్డముగా పండుకొని, వచ్చిపోవువారికి దారి యీయక యుండుటచే నావికులు దానికి "జస్ట్ న్యూసెన్స్", అనగా వట్టి పీడ, యని పేరు పెట్టిరి. నావికులతోపాటు అది రైలులోకూడ ప్రయాణము చేయుచుండెను. రైలువారు ఫిర్యాదు చేయగా 1939లో దానిని బ్రిటిషు నౌకాదళమున నావికునిగా చేర్చుకొనిరి. 1944లో అది చనిపోయినప్పుడు సైనిక మర్యాదలతో పాతిపెట్టిరి. దాని వయస్సు అప్పటికి ఏడేండ్లే. ఈ ఏడేండ్ల మాటను చదువరులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము. మరల దానికి వత్తుము.

ఇక లెక్కలు. పుట్టిననాడు ఈ పిల్ల తూకము అర కిలో మొదలు ముప్పాతిక కిలో వరకుండును. ఏడాదికి ఏబది కిలోలకు అటునిటుగా చేరును. పూర్తిగా ఎదిగిన మగకుక్క 63 మొదలు 79 కిలోలు, ఆడకుక్క 50 మొదలు 63 కిలోలు తూగునని అమెరికను కెన్నెల్ క్లబ్బువారి లెక్క. మనుష్యశిశువు మూడు కిలోలతో పుట్టి అరువది కిలోల మనుష్యుడగుటకు, అనగా ఇరువది రెట్లు పెరుగుటకు, సుమారు పదునెనిమిదేండ్లు పట్టును. ఈ పిల్ల నూరు రెట్లు పెరుగును. అందుకు దానికున్న గడువు సుమారు పదునెనిమిది మాసములు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున జ్యూస్ అను గ్రేట్ డేన్‌ను 2011లో కొలిచినప్పుడు భుజముకడ 44 అంగుళముల ఎత్తుండెను. మన తరగతిగదిలోని బల్లపైకి అది తలవంచి చూడవలసినదే.

ఇంత వడిగా నింత పెద్దదగుటలో ప్రమాదమేమని విద్యార్థులడుగవచ్చును. దీనికి సమాధానము గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున నున్నది. ఒక్కొక్క ప్రక్క ఒక అంగుళముగల ఘనమును తీసికొనుడు. దాని ఘనపరిమాణము ఒకటి. ప్రక్కను రెండంగుళములు చేసినచో ఘనపరిమాణము ఎనిమిది యగును. బరువు ఘనపరిమాణము ననుసరించి పెరుగును. కాని ఎముక మోయగల శక్తి దాని అడ్డుకోత వైశాల్యము ననుసరించి యుండును. అది నాలుగు రెట్లే పెరుగును. ఎనిమిది రెట్ల బరువును నాలుగు రెట్ల బలము మోయవలెను! కావుననే పెద్ద జంతువుల ఎముకలు పొడవుకు తగిన దానికంటె ఎక్కువ లావుగా నుండవలెనని గెలీలియో బొమ్మ గీచి చూపెను. ఏనుగు కాలును, మేక కాలును పోల్చి చూచిన పల్లెటూరి పిల్లవాడికి ఈ సంగతి క్రొత్త కాదు.

గ్రేట్ డేన్ పిల్ల విషయమున ఇంకొక చిక్కు కలదు. పెరుగుచున్న యెముకల కొనలయందు గట్టిపడని మృదులాస్థి పలకలుండును. ఎముక పొడవగుట ఆ పలకలకడనే జరుగును. చిన్న జాతులలో నవి ఏడాదిలోపలనే గట్టిపడును. గ్రేట్ డేన్ వంటి జాతులలో పదునెనిమిది మాసముల వరకు మెత్తగా నుండవచ్చును. అనగా ఈ పిల్ల చిన్నతనపు ఎముకలమీద పెద్దతనపు బరువును చాలకాలము మోయుచుండును. పచ్చిగోడపై పైకప్పు వేసినట్లే. గోడ ఆరువరకు కప్పు బరువు తక్కువగా నుంచుటయే పెంచువాని పని.

ఇచ్చటనే మన ఇండ్లలోని ప్రేమకును శాస్త్రమునకును వైరము వచ్చుచున్నది. మనకు ప్రేమ యనగా పెట్టుట. బిడ్డ బొద్దుగా నున్నచో తల్లికి తృప్తి. కుక్కపిల్ల గుండ్రముగా నున్నచో ఇంటిల్లిపాదికి సంతోషము. కాని 1974లో హెడ్‌హమ్మార్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును తోడివారును ప్రకటించిన పరిశోధనను చూడుడు. వారు కార్నెల్ విశ్వవిద్యాలయమున గ్రేట్ డేన్ పిల్లలనే తీసికొని, కొన్నిటికి కోరినంత తిండి పెట్టిరి. వాని తోడబుట్టిన పిల్లలకు అందులో మూడింట రెండు వంతులు మాత్రమే పెట్టిరి. కోరినంత తిన్న పిల్లలు త్వరగా పెరిగినవి. కాని వాని యెముకలు వంకరలు తిరుగుటయు, కీళ్లు చెడుటయు, నడక కుంటుపడుటయు అధికముగా కనబడెను. ఒకే తల్లి పిల్లలు, ఒకే తిండి, కొలతలోనే భేదము. పెరుగుదల మందగించినంతమాత్రమున తుది యెత్తు తగ్గిపోవునని భయపడ నక్కరలేదు. ఎత్తు తల్లిదండ్రులనుండి వచ్చును, ఆలస్యముగానైనను చేరును.

తిండి కొలత సరిగానున్నదా యని తెలిసికొనుటకు ఎట్టి యంత్రమును వలదు. పిల్ల ప్రక్కలపై వ్రేళ్లు మెల్లగా జరిపినచో ప్రక్కటెముకలు ఒక్కొక్కటిగా చేతికి తగులవలెను. పైనుండి చూచినచో నడుము సన్నగా కనబడవలెను. ఇట్లున్న పిల్లను చూచి ఇరుగుపొరుగువారు "పాపము, దీనికి తిండి పెట్టుట లేదా?" యని తప్పక యడుగుదురు. ఆ మాటను ఓర్చుకొనగలుగుట ఈ పెంపకమునకు కావలసిన ముఖ్యసాధనములలో నొకటి.

తిండికంటెను ఎక్కువ కీడు చేయునది కాల్షియము. "ఇంత పెద్ద కుక్క, ఎముకలు గట్టిపడవలదా?" యని, పిల్లతోపాటే కాల్షియము సీసానుకూడ కొని తెచ్చుట మన పట్టణములలో వాడుకయై యున్నది. ఎదిగిన కుక్క ప్రేగులు కావలసినంత కాల్షియమునే గ్రహించి మిగిలినదానిని విడిచిపెట్టగలవు. ఆరుమాసముల లోపలి పిల్లకు ఈ నిగ్రహము చాలదు; పెట్టినదానిలో చాలభాగము దేహమున చేరిపోవును. చేరిన కాల్షియము మృదులాస్థి సక్రమముగా ఎముకగా మారుటకు అడ్డుతగులును. నెదర్లాండ్సు దేశమున యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు చెందిన హేజ్‌వింకెల్ 1980లలో గ్రేట్ డేన్ పిల్లలయందే దీనిని నిరూపించెను. గట్టిపరుచుటకై పోసిన మందే వంకరకు కారణమగుచున్నది.

అట్లని కాల్షియము లేకయే పెంచవచ్చునా? వలనుపడదు. వట్టి అన్నమును పెరుగును, లేక వట్టి మాంసమును పెట్టి పెంచిన పిల్లకు కాల్షియము చాలక ఎముకలు పెళుసగును. తూకము రెండువైపుల నుండియు తప్పకూడదు. కావున పెద్దజాతి పిల్లల పెరుగుదలకు తగినదని సంచిపై వ్రాసిన మేతను కొనుట సామాన్యులకు సుళువైన మార్గము. అట్టి మేతలో నీరు తీసిన లెక్కన కాల్షియము నూటికి 1.8 వంతులు మించరాదని అమెరికాలోని మేతల ప్రమాణము. ఆ మేతకు పైనుండి మందులేవియు చేర్చరాదు. ఇంటివంటయే పెట్టదలచినవారు పశువైద్యునిచే కొలతలు వ్రాయించుకొనవలెను, ఊహమీద పెట్టరాదు. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కలకు విషప్రాయములు. ఉడికిన ఎముకలు చీలికలై ప్రేగులను గ్రుచ్చును. వానిని పెట్టనే రాదు.

ఇప్పుడు ఇంటిని చూతము. నేటి ఇండ్లలో నేలలు నున్నని పలకలతో అద్దమువలె మెరయుచున్నవి. చూడ సొగసే, కాని జారు నేలపై నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పోవు పిల్లకు తుంటికీళ్లు సరిగా కుదురుకొనవు. పిల్ల తిరుగుచోట్ల కొబ్బరిపీచు చాపలో, రబ్బరు పట్టాలో పరచవలెను. పాత గోనెసంచులు పరచినచో నవికూడ జారును గనుక క్రింద కుట్టి బిగింపవలెను. మెట్లు మరియొక సంగతి. నార్వే దేశమున పెద్దజాతుల పిల్లలపై జరిపిన పరిశోధన 2012లో వెలువడెను. మూడు మాసముల లోపల దినదినము మెట్లెక్కి దిగిన పిల్లలలో తుంటికీళ్ల వ్యాధి అధికముగాను, మెత్తని ఎగుడుదిగుడు నేలపై తాడు లేక తమ యిష్టము వచ్చినట్లు ఆడుకొన్న పిల్లలలో తక్కువగాను ఉండెనని వారు కనుగొనిరి. పచ్చికబయలులో ఆట మంచిది, మేడమెట్లు చెడ్డవి. సైకిలుకు కట్టి పరుగెత్తించుట, బంతికై మరల మరల ఎగిరించుట మొదలగునవి ఎముకలు గట్టిపడువరకు పనికిరావు. అలసినప్పుడు పిల్ల తానే కూర్చుండును; కూర్చున్నదానిని లేపరాదు. మూడవ అంతస్తులో నివసించువారు, క్రిందికి దింపుటకు యంత్రములేనివారు ఈ జాతిని తలపెట్టకుండుటయే న్యాయమని మా అభిప్రాయము. ఐదారు నెలల పిల్లను ఎత్తుకొని దింపుట ఎవరివలనను కాదు.

వేసవిని గూర్చి విస్తరించి చెప్పక తప్పదు. దీని బొచ్చు పొట్టిది గనుక మన యెండకు తట్టుకొనునని కొందరందురు. పైని చెప్పిన ఘనమును మరల తలచుకొనుడు. ప్రక్క రెట్టింపైనప్పుడు లోని పరిమాణము ఎనిమిది రెట్లగును, పైతలము నాలుగు రెట్లే యగును. దేహమున వేడి పుట్టునది లోపల. అది వెలుపలికి పోవునది పైతలమునుండి. కావున పెద్ద దేహము చల్లారుట ఆలస్యము. అదిగాక కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేతనే అది వేడిని పోగొట్టుకొనును. గాలియే వేడిగాను, ఉక్కగాను ఉన్నప్పుడు రొప్పుటవలనను ప్రయోజనము తక్కువ. రెంటచింతలలోను, విజయవాడలోను, రామగుండములోను రోహిణికార్తె యెండలెట్లుండునో మనకు తెలియనిది కాదు. మార్చి మొదలు జూను వరకు సూర్యోదయమునకు ముందు, బాగుగా చీకటిపడిన పిమ్మట తప్ప దీనిని వెలుపలికి తీసికొనిపోరాదు. తారురోడ్డుపై అరచేతి వెనుకభాగమును ఆనించి, ఉంచలేకపోయినచో కుక్కను నడిపింపరాదు. చెట్టునీడ, గాలి వచ్చు వసారా, ఎల్లప్పుడును నిండియుండు వెడల్పు నీళ్లతొట్టి, పంకా ఇవి పిల్ల రాకమునుపే సిద్ధముగా నుండవలెను. రేకులషెడ్డు నీడ కాదు, అది పొయ్యి. విపరీతముగా రొప్పుచు, చిగుళ్లు ఎఱ్ఱబడి, తూలుచున్నచో వడదెబ్బ తగిలినదని గ్రహించి, వెంటనే నీళ్లతో ఒడలంతయు తడిపి గాలి విసరుచు, పిదపనే ఆసుపత్రికి కొనిపోవలెను. ముందు చల్లార్చుట, తరువాత ప్రయాణము. ఈ క్రమము తప్పరాదు.

ఈ జాతికి మృత్యుదూతవంటి వ్యాధి ఇంకొకటి కలదు. కడుపు గాలితో ఉబ్బి, తనలో తాను మెలితిరిగి, రాకపోక ద్వారములు రెండును మూసికొనిపోవును. రక్తప్రసారము నిలిచి, కొన్ని గంటలలో కుక్క చనిపోవును. లోతైన యెదగల పెద్దకుక్కలన్నిటిలోను ఇది రావచ్చును. గ్రేట్ డేన్‌లకు తక్కిన జాతులకంటె హెచ్చుగా వచ్చును. కడుపు బిగియుట, కక్కవలెనని యెంత ప్రయత్నించినను ఏమియు రాకుండుట, చొంగ కారుట, ఒకచోట నిలువలేకుండుట దీని గుర్తులు. ఇంటి వైద్యమేదియు లేదు, శస్త్రచికిత్సయే శరణ్యము. దినపు తిండిని ఒక్కమారే పెట్టక రెండు మూడు పూటలకు పంచుట, తిన్నవెంటనే పరుగెత్తనీయకుండుట మంచిది. ఎత్తైన కుక్క గదాయని కంచమును పీటపై పెట్టుట చాలమంది యలవాటు. కాని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున గ్లిక్‌మన్ మొదలగువారు 2000లో ప్రకటించిన పరిశీలనలో ఎత్తుపీటపై తిన్న కుక్కలకే ఈ వ్యాధి ఎక్కువగా వచ్చినట్లు తేలెను. నేలపై పెట్టుటయే మేలు. కడుపును ముందుగానే లోపలి గోడకు కుట్టి, మెలితిరుగకుండ చేయు శస్త్రచికిత్సయు కలదు. దానిని గూర్చి వైద్యునితో మాటలాడవలెను. అన్నిటికంటె ముందు, రాత్రి రెండు గంటలకు తలుపు తెరచు పశువైద్యుడెక్కడనున్నాడో, అరువది కిలోల కుక్కను అచ్చటికి చేర్చు బండి యేదో తెలిసికొని గోడమీద వ్రాసి యుంచవలెను. మన జిల్లాలలో ననేకచోట్ల దీనికి సమాధానము దొరకదు. దొరకనిచో పిల్లను తెచ్చుటకు ముందే ఆ సంగతి తెలియుట మంచిది.

తల్లిదండ్రులతో ఒక మాట. ఎదిగిన గ్రేట్ డేన్ దినమునకు సుమారు ముప్పాతిక కిలో ఎండుమేత తినును. కొన్ని ఇంకను ఎక్కువ తినును. నెలకు ఇరువదికిలోల సంచి చాలదు. మందులు తూకమునుబట్టి యిత్తురు: పది కిలోలకొకటి చొప్పున వేయు నులిపురుగుల బిళ్లలు చిన్నకుక్కకు ఒకటి చాలగా, దీనికి ఆరేడు కావలెను. మత్తుమందును అంతే, సూదిమందును అంతే. పిల్లకు పెట్టిన వెల ఈ ఖర్చులముందు ఏపాటిది? ఈ లెక్క ముందు వేయనివారు ఏడాది గడచునప్పటికి కుక్కను ఎవరికైన నిచ్చివేయ చూతురు. ఎవరును తీసికొననప్పుడు ఊరి వెలుపల విడిచి వత్తురు. ఇంటిలో పెరిగిన పెద్దకుక్క వీధిలో బ్రదుకజాలదు.

ఆయుర్దాయమును గూర్చి పైని సూచించితిమి. గ్రేట్ డేన్‌లు సామాన్యముగా ఏడు మొదలు పదేండ్లు జీవించును. పైని చెప్పిన జ్యూస్ 2014లో ఐదేండ్ల వయస్సుననే చనిపోయెను. జర్మనీలోని గటింగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కొర్నేలియా క్రౌస్ మొదలగువారు 74 జాతుల మరణములను పరిశీలించి, జాతి తూకము రెండు కిలోలు హెచ్చిన కొలదిని ఆయుర్దాయము సుమారు ఒక మాసము తగ్గుచున్నదని 2013లో వ్రాసిరి. పెద్దకుక్కలు ముసలితనమును త్వరగా మొదలుపెట్టుటకంటె, మొదలైన ముసలితనము వానిలో వడిగా సాగుచున్నదని వారి నిర్ణయము. ఆరవ తరగతిలో పిల్లను తెచ్చుకొన్న బాలుడు కళాశాలలో నుండగా దాని మరణవార్త వినును. పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పుట నిర్దయ కాదని తలంచుచున్నాము.

ఇవన్నియు విని ఇంకను కావలెననువారు కొనునప్పుడు తల్లికుక్కను చూడవలెను. వీలైనచో తండ్రినికూడ చూడవలెను. తల్లి కుంటుచున్నదా, భయపడుచున్నదా, కరవవచ్చుచున్నదా యని గమనింపవలెను. తల్లిని చూపనివాని కడ కొనరాదు. మన దేశమున 2017లో చేసిన నియమములనుబట్టి ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. కుక్కలను పెంచి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు చేసికొనవలెను. నెలపిల్లను తెచ్చి "చిన్నప్పుడే మచ్చిక యగును" అను దళారి మాట నమ్మదగదు. తోబుట్టువులతో కరచుకొని ఆడుకొనుటలోనే పిల్ల తన పంటి బలమెంతో నేర్చుకొనును. ఆ పాఠము మనము చెప్పజాలము.

టీకాల సంగతి వైద్యులు చెప్పుదురు గనుక క్లుప్తముగా వ్రాయుచున్నాము. పార్వో, డిస్టెంపరు వ్యాధులకు ఆరెనిమిది వారములనుండి మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకమారు చొప్పున పదునారు వారములు నిండువరకు వేయింపవలెను. పిచ్చికుక్క వ్యాధికి మూడవ నెలలో వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. ఈ వ్యాధికి 1885లో లూయీ పాశ్చర్ టీకా కనిపెట్టినను, మన దేశమున నేటికిని మనుష్యులు దీనిచేత చనిపోవుచున్నారు. ఈ టీకా మానుట ఇంటివారికే కాక వీధివారికిని ద్రోహము. గోమారులు పట్టినచో జ్వరము వచ్చును. చెవిలోపలను, వ్రేళ్లసందులను దినమునకొకమారు వెదకవలెను.

పిల్ల మనస్సు మూడవ వారమునుండి సుమారు పదునాలుగవ వారమువరకు క్రొత్తవారికి, క్రొత్త శబ్దములకు సులువుగా అలవాటుపడునని స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిరి. మనకు పిల్ల చేతికి వచ్చునప్పటికే సగము గడువు గడచిపోవును. టీకాలు పూర్తికానందున వీధి నేలపై దింపరాదు. కాని ఎత్తుకొని గుడి గంట, చర్చి గంట, ఆటో హారను, లుంగీ కట్టినవారు, గొడుగు పట్టినవారు, కఱ్ఱ ఊతగా నడచు వృద్ధులు అన్నిటిని చూపవచ్చును. ఎత్తుకొనగలుగు దినములు కొన్నియే గనుక వానిని వ్యర్థము చేయరాదు. మీదికెగిరి ముఖము నాకుట ఎనిమిది వారములప్పుడు ముద్దు. ఎనిమిది మాసములప్పుడు అవ్వ నడుము విరుగును. కావున పెద్దయైన పిమ్మట ఏది కూడదో అది మొదటి దినమునుండియు కూడదు. కొట్టి నేర్పవలదు. నాలుగు కాళ్లు నేలపైనున్నప్పుడే పలుకరించి, ఎగిరినప్పుడు ముఖము త్రిప్పుకొనినచో తానే నేర్చుకొనును. ఇంటిలోని వారందరును ఒక్క తీరుననే నడచుకొనవలెను. తాతగారు మాత్రము బల్లక్రింద రొట్టెముక్క జారవిడుచుచుండినచో శిక్షణ సాగదు. విద్యార్థులు ఎంత ముచ్చటపడినను దాని వీపుపై గుఱ్ఱమువలె ఎక్కరాదు. కుక్క వెన్ను బరువు మోయుటకు చేయబడినది కాదు.

తెచ్చుదినము ఉదయముననే తెచ్చుట మంచిది. చీకటిపడులోపల క్రొత్తచోటు వాసన దానికి పరిచయమగును. తల్లి పండుకొన్న గుడ్డముక్క నొకటి వెంట తేవలెను. వారము దినముల వరకు పూర్వము తిన్న మేతనే పెట్టి, పిదప కొంచెము కొంచెముగా మార్చవలెను. మొదటి రాత్రులు పిల్ల ఏడ్చును. దూరముగా కట్టివేయక, ఎవరైన నొకరు దాని ప్రక్కనే చాప వేసికొని పరుండినచో మూడు నాలుగు రాత్రులలో సద్దుమణగును. మరునాటి యుదయమున దానిని తూచి, గోడకు వ్రేలాడు క్యాలెండరుపై ఆ తేదీకెదురుగా తూకము వ్రాయవలెను. వారమునకొకమారు అట్లే చేయుచుండవలెను. పెరుగుదల వడి హెచ్చినదో తగ్గినదో ఆ యంకెలే చెప్పును. మొదట పిల్లను ఎత్తుకొని మనము తూకపుయంత్రముపై నిలుచుండి, మన బరువు తీసివేసినచో చాలును. ఎత్తలేని దినము నాలుగవ నెల దాటకమునుపే వచ్చును. ఆ దినమునకు ముందే బియ్యపు కొట్టువారి పెద్దకాటాపై కదలక నిలుచుట దానికి నేర్పియుండవలెను.